పరదేశపు భోజనశాలలు – మా వీధి ఇరానీ హోటలు

దూరదేశములకు పోయి వచ్చిన స్త్రీని ఇరుగుపొరుగువారడుగు ప్రశ్నలు మూడే: ఏమి చూచితిరి, ఏమి తెచ్చితిరి, ఏమి తింటిరి? మొదటి రెండింటికిని బదులు చెప్పుట తేలిక. మూడవదానికి నోరు తెరచునప్పటికే వినువారి మొగములలో జాలి కానవచ్చును. పుట్టినది మొదలు మాంసము ముట్టని మేము ఐరోపాలో మూడు మారులు, జపానులో రెండు మారులు, వారముల తరబడి బయటి తిండిమీదనే బ్రదికి వచ్చితిమన్నచో, అటుకులును ఆవకాయయును వెంటలేకున్న ఏమైపోయెడివారమో యని వారి భావము. (అటుకులును ఆవకాయయును కొనిపోయిన మాట నిజమే. అందులో సగము తిరిగి వచ్చిన మాటయు నిజమే.)

మా నివాసము హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలము. చార్మినారు యొద్ద లాడ్ బజారులో ప్రవేశించి, గాజుల దుకాణములు దాటి పడమరగా నడచువారికి మా పేట తగులును. మా గోడ నానుకొనియున్న యింటిలో ఒక వృద్ధురాలు గలరు. మేము ఆమెను ఖాలా యని పిలుతుము. ఆమె మమ్ము బేటీ యనును. రెండవమారు జపాను నుండి తిరిగివచ్చిన మరునాడు ఆమె వచ్చి, మేము తెచ్చిన విసనకర్రను అటునిటు త్రిప్పి చూచి, కొంతసేపూరకుండి, “తిండి సంగతి ఉండనీ బేటీ. అక్కడ ఎక్కడ కూచొని తిన్నవు? పక్కన ఎవరున్నరు?” అని యడిగెను.

ఆ క్షణమున మాకు సమాధానము తోచలేదు. నవ్వి యూరకుంటిమి. కాని ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించిన కొలదియు, బయటి భోజనమును గూర్చి ఒక స్త్రీ అడుగదగిన మొదటి ప్రశ్న అదియే యని తోచినది. వంటకము రుచిగా నున్నదా లేదా యనునది తరువాతి మాట. కూర్చుండుటకు చోటున్నదా? ఆ చోట మనల నెవ్వరైన వింతగా చూతురా? ఎవరితో వచ్చితివని యడుగుదురా? ఖాలాగారికి చెప్పవలసిన బదులును ఇప్పుడు చదువరులైన సోదరీమణుల సమక్షమున చెప్పబూనుచున్నాము.

తెలుగువారికి డబ్బిచ్చి తినుట క్రొత్తది కాదు. ఓరుగల్లు వీథులను వర్ణించిన క్రీడాభిరామములో పూటకూటింటి ప్రస్తావన గలదు. ఒక్క రూకకు అచ్చట ఏమేమి వడ్డింపబడునో కవి నోరూరునట్లు చెప్పియున్నాడు. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడిన కన్యాశుల్కములో పూటకూళ్లమ్మ నెరుగనివారు లేరు. దిక్కులేని వితంతువుల కెందరికో ఆ వృత్తియే జీవనాధారమైనది. పొయ్యి ఆమెది, చేయి ఆమెది, చెమట ఆమెది. విస్తరి ముందు కూర్చుండువారు మాత్రము పురుషులు. ప్రయాణమున నున్న ఇల్లాలు సత్రపు అరుగు మీద మూడు రాళ్లు పెట్టుకొని తానే వండుకొనెడిది. వండి పెట్టుటకు పనికివచ్చిన స్త్రీ కూర్చుండి తినుటకు ఏల పనికిరాదయ్యెనో మా పెద్దలెవ్వరును మాకు చెప్పలేదు. మేమును అడుగలేదు.

1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన యేనుగుల వీరాస్వామయ్యగారు మా హైదరాబాదు మీదుగానే పోయి, దారి పొడుగునను ఎచ్చట ఏ వస్తువు దొరకునో దొరకదో శ్రద్ధగా వ్రాసి పెట్టిరి. దాదాపు నూరేండ్ల పిమ్మట, 1926లో, లండనులోని రీజెంటు వీథిలో ఎడ్వర్డ్ పామర్ అను నతడు వీరాస్వామి పేరుతోనే ఒక భారతీయ భోజనశాలను తెరచెను. ఆ పేరునకును కాశీయాత్రికునికిని చుట్టరికమేమియు లేదు గాని, మా ఊరితో నొక సంబంధము మాత్రము కలదు. ఎడ్వర్డ్ పామర్ పూర్వికుడైన జనరల్ విలియం పామర్‌కును ఫైజ్ బఖ్ష్ బేగమునకును జనించిన కుమారుడే నిజాముల కప్పులిచ్చి హైదరాబాదు చరిత్రలో పేరుమోసిన పామర్ కంపెనీని నడపినవాడు. ఇట్లు ప్రపంచమున ఏ భోజనశాల తలుపు తట్టినను లోపల ఎక్కడనో మన చుట్టము లుందురు.

ఇక ఐరోపా సంగతి. రెస్టారెంటు అను మాట మొదట ఇంటికి పేరు కాదు, చారునకు పేరు. నీరసించినవారికి బలము నిచ్చు మాంసరసమును పారిసులో అట్లు పిలిచెడివారు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఆ రసమును అమ్ము దుకాణములే క్రమముగా వేరువేరు బల్లలు, ధరలు వ్రాసిన పట్టిక, కోరిన వేళకు వడ్డన గల భోజనశాలలైనవి. అంతకు పూర్వము సత్రములో అందరు నొకే బల్ల చుట్టు కూర్చుండి పెట్టినది తినిపోయెడివారు. ఎవరి బల్ల వారికి వేరైన నాడే స్త్రీకిని ఒకనాటికి చోటు దొరకునను ఆశ పుట్టినదని మా యూహ.

పారిసులో మొదటిమారు ఒంటరిగా భోజనమునకు పోయిన సాయంకాలము మాకిప్పటికిని జ్ఞప్తియందున్నది. మా వెంట వచ్చిన వదినగారు తలనొప్పిచే గదిలో పరుండియుండిరి. మేము ఆ వీథిని మూడుమారులు చుట్టి, ప్రతిమారును ఆ తలుపు ముందు నిలిచి, లోపల స్త్రీ లెవరైన ఒంటరిగా కూర్చున్నారా యని అద్దము నుండి చూచి, ముందునకు సాగిపోతిమి. నాలుగవమారు ఆకలి గెలిచినది. వడ్డన చేయునతడు మా మొగము వంకనైన సరిగా చూడక కిటికీ ప్రక్క బల్లను చేతితో చూపి, రొట్టెబుట్టయు నీళ్లకూజాయు పెట్టి తన పనిమీద తాను పోయెను. ఇంతేనా యని మాకు కొంచెము సిగ్గైనది. ఇంతదానికా ఇరువది నిమిషములు వీథిలో తిరిగితిమి!

ఫ్రాన్సులో మాకు నచ్చిన విషయము ధరలపట్టికను తలుపు బయటనే ప్రదర్శింపవలెనను నియమము. లోపలికి పోయిన పిమ్మట లెక్క చూచుకొని గుండెలు బాదుకొనవలసిన పని లేదు. వడ్డన రుసుము ధరలోనే చేరియుండును. భోజనముతో రొట్టెయు కుళాయినీరును ఉచితము. ఇంటిఖర్చు లెక్క వ్రాయు స్త్రీలు ఈ మూడింటిని మెచ్చుకొనకపోరు. ఇటలీలో అట్లు కాదు. అక్కడ అనేక పట్టణములలో బల్లముందు కూర్చున్నందులకే తలకింతయని పుచ్చుకొందురు; కాఫీని గల్లా ముందు నిలుచుండి త్రాగిన ఒక వెల, కూర్చుండి త్రాగిన మరియొక వెల. మొదట మేము దీనిని దోపిడి యనుకొంటిమి. తరువాత ఆలోచింపగా, కూర్చుండుట కొక వెల యున్నదని నిజాయితీగా ఒప్పుకొన్నవారు ఇటలీవారే యని తోచినది. జర్మనీలో మంచినీటికిని డబ్బే, స్నానాలగదికిని డబ్బే. ఆ దేశపు తిండిని గూర్చి ఉడికించిన ఉర్లగడ్డలు బాగుండునని తప్ప మేమెక్కువ చెప్పజాలము.

శాకాహారులకు ఐరోపాలో మోసము కూరలలో లేదు, చారులో నున్నది. పట్టికలో కూరగాయల చారని యుండును. దాని కడుగున ఎముకల రసము దాగియుండును. “మాంసము లేదు గదా?” యని యడిగిన లేదనియే చెప్పుదురు, ఏలన అందులో ముక్కలు లేవు. కావున “ఏ నీళ్లలో ఉడికించితిరి?” అని యడుగవలెను. అట్లే ఇటలీలో తురిమి చల్లు పర్మేజాన్ జున్నును లేగదూడ పొట్టనుండి తీసిన పదార్థముతో విరుతురు. నియమము కచ్చితముగా పాటించు సోదరీమణులు వడ్డించుటకు ముందే వలదని చెప్పవలయును.

వియన్నా నగరపు కాఫీశాలలో మాత్రము మేము పరదేశమున నున్నామని మరచితిమి. పాలరాతి బల్లలు, వంపుకర్ర కుర్చీలు, చిన్న పళ్లెరములో కాఫీ, దాని ప్రక్కన గాజుగ్లాసుతో మంచినీరు, గోడనున్న వార్తాపత్రికలు. ఒక్క కాఫీ తెప్పించుకొని రెండు గంటలు కూర్చున్నను లెమ్మనువారు లేరు. ఇది యంతయు ఎక్కడనో చూచినట్లున్నదే యని తలపోయగా, మా వీధి మొగనున్న ఇరానీ హోటలు కన్నుల గట్టినది. అవే బల్లలు, అట్టి కుర్చీలే. ఆ వంపుకర్ర కుర్చీకి మూలపురుషుడు మైకేల్ తోనెట్ అను వడ్రంగి. ఆయన 14వ సంఖ్య కుర్చీ 1859లో వియన్నా నుండియే లోకమునకు వ్యాపించినది. 19వ శతాబ్దము చివరను 20వ శతాబ్దము మొదటను ఇరాను దేశపు యజ్ద్ మొదలగు ప్రాంతముల నుండి బొంబాయికి వచ్చి, అటనుండి పూనాకును హైదరాబాదునకును చేరిన కుటుంబములవారు తమ టీదుకాణములలో అట్టి కుర్చీలనే వేసికొనిరి. మేము వియన్నాలో కూర్చున్న కుర్చీకి అక్కచెల్లెళ్లు హుస్సేనీ ఆలములో గలవు. కాని ఆ నాటివరకు మేము మా వీధిలోని కుర్చీపై ఒక్కనాడును కూర్చుండి యెరుగము! ఆరువేల కిలోమీటరుల దూరమున నున్న కుర్చీ మాకు చుట్టమైనది, గడపకు రెండువందల అడుగుల దూరమున నున్నది పరాయిదైనది.

అట్లని వియన్నావారు మొదటినుండి ఉదారులని తలపరాదు. గల్లాపెట్టె యొద్ద కూర్చుండు స్త్రీకి తప్ప ఇతర స్త్రీలకు 1856 వరకు కాఫీశాలలలో ప్రవేశము లేదని అచ్చటివారే చెప్పుదురు. ఇంగ్లండులోను చోటు తనంత తాను రాలేదు. లండనులో ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ అను రొట్టెల వ్యాపారసంస్థ 1864లో తన దుకాణమున తేనీరమ్ముట మొదలిడెను. 1894లో లయన్స్ కంపెనీ పికడిలీ వీథిలో తన మొదటి టీదుకాణమును తెరచెను. మద్యము లేదు, వెల తక్కువ, వడ్డించువారు స్త్రీలు. ఆఫీసులలో టైపు కొట్టు యువతులు, బజారునకు వచ్చిన ఇల్లాండ్రు, తోడు లేకయే పోయి కూర్చుండుటకు ఆ టీదుకాణములే మొదటి చోట్లు. ఓటుహక్కునకై పోరాడిన స్త్రీలు తమ యాలోచనలను సాగించినదియు అట్టి టీబల్లల చుట్టుననే. లయన్స్ వారి పెద్ద కార్నర్ హౌసులు 1977లో మూతపడినవి. కాని ఆ లోపల మూడుతరముల స్త్రీలకు బయట కూర్చుండుట అలవాటైనది. ఉద్యమము సభలలోనే జరుగునని తలచువారు ఈ సంగతి గమనింపవలెను. ఒక కప్పు తేనీటి వెల తగ్గించుటయు ఉద్యమమే.

వండు స్త్రీల మాట వచ్చినది గనుక ఫ్రాన్సులోని లియాన్ పట్టణమును విడువరాదు. అక్కడ ఇండ్లలో వంటలక్కలుగా పనిచేసి, తరువాత సొంత భోజనశాలలు పెట్టుకొన్నవారిని “లియాన్ తల్లు”లందురు. వారిలో యూజెనీ బ్రాజియే 1933లో తన రెండు భోజనశాలలకును మూడేసి చొప్పున ఆరు మిషెలిన్ నక్షత్రములను సంపాదించెను. అంతకు పూర్వము ఆ గౌరవమును పురుషుడుగాని స్త్రీగాని పొందలేదు. మన పూటకూళ్లమ్మను నాటకములో చూచి నవ్వుకొంటిమే గాని, ఆమె చేతి పులుసును గూర్చి ఒక్క మంచిమాట ఎవరైన వ్రాసిరా?

జపానునకు వత్తము. మా హైదరాబాదు వారికి ఆ దేశముపై మక్కువ పాతది. 1922లో నిజాము ప్రభుత్వపు విద్యాశాఖాధిపతి సయ్యద్ రాస్ మసూద్ అచ్చటి విద్యావిధానమును పరిశీలించి వచ్చి గ్రంథము వ్రాసెను. మా మక్కువ అంత గంభీరమైనది కాదు. టోఫు వండు విధము చూడవలెనని పోతిమి.

మొదటిరోజున టోక్యోలో ఒక చిన్న నూడుల్సు దుకాణము తెర తొలగించి లోపల కాలిడగా, వంట చేయుచున్న పెద్దమనిషి ఒక మాట గట్టిగా నడిగెను. మాకర్థము కాక తెల్లబోతిమి. ప్రక్కనున్న యువతి యొకతె ఆంగ్లమున వివరించెను. ఆయన అడిగినది “ఒహితోరి సామా?” అని. ఒహితోరి యనగా ఒక్కరు. సామా యన్నది గౌరవవాచకము, మనము “గారు” అన్నట్లు, ఇంకను ఒక మెట్టు పైన. “ఒంటరిగా వచ్చిన యతిథిగారా?” అని ఆ మాటకర్థము. మన యొద్దను ఈ ప్రశ్న కలదు. “ఒక్కరేనా?” అని యడుగుదురు. అందులో “అయ్యో” యను నర్థము కొంత, “ఎందుకు?” అను నర్థము కొంత. ఒంటరితనమునకు గారు చేర్చి పిలిచిన భాషను మేము మరెచ్చటను వినలేదు. ఆ మాట నేడు ఆ దేశమున తమంత తాము తిరుగు స్త్రీలకు ఒక బిరుదు వంటిదైనదట.

ఒంటరివారికి అచ్చట ఏర్పాట్లును ఉన్నవి. వంటవాని ఎదుట పొడవైన చెక్కబల్ల, దాని వెంట ఎత్తు పీటలు. ప్రక్కవానితో మాటలాడ నక్కరలేదు, ఎదుట ఖాళీ కుర్చీ మనలను వెక్కిరించుచు నుండదు. చాల చోట్ల వాకిటనే టిక్కెట్ల యంత్రముండును. డబ్బు వేసి, బొమ్మ నొక్కి, చీటి తెచ్చి బల్లమీద పెట్టినచో భోజనము వచ్చును. భాష రానివారికి మరియొక యుపకారము గాజుబీరువాలోని నమూనాలు. ప్రతి వంటకమునకును అచ్చముగా అట్లే యుండు బొమ్మను మైనముతోను, ఇటీవల ప్లాస్టికుతోను చేసి ధరతోకూడ బయట ప్రదర్శింతురు. 1932లో ఒసాకాలో ఇవాసాకి తకిజో యను నతడు ఈ బొమ్మలు చేయుటనే వ్యాపారముగా స్థాపించెను. మేము అంగడివానిని చేయిపట్టి బయటకు తీసికొనివచ్చి బొమ్మను చూపి తెప్పించుకొన్న పూటలు గలవు.

కూర్చుండగనే వేడి తువ్వాలు, చల్లని నీరు లేక తేనీరు. వానికి వెల లేదు. బహుమానపు డబ్బు పుచ్చుకొనరు. బల్లపై విడిచి వచ్చినచో మరచితిరేమోయని వెంట పరుగెత్తుకొని వత్తురు. ఇంత మంచివారును ఒక చోట మమ్ము చిన్నబుచ్చిరి. రాత్రివేళ తెరచు మద్యశాల వంటి భోజనశాలలో, మేము కోరకయే ఒక చిన్న గిన్నెలో ఏదో పెట్టి, తరువాత దానికి వెల కట్టిరి. అది అక్కడి యాచారమట. ఇటలీవారు కూర్చున్నందులకు పుచ్చుకొను రుసుమును వీరు గిన్నెలో పెట్టి పుచ్చుకొందురు. ఆ గిన్నెలో నున్నది చేప. తినలేదు, వెల మాత్ర మిచ్చితిమి.

చేప యన్నది జపానులో శాకాహారికి గల పరమశత్రువు. కనబడునది కాదు, కనబడనిది. ఎండబెట్టి పొగపెట్టిన బోనిటో చేపను చిత్రికతో తురిమి, ఆ పొట్టును వేడినీట వేసి తీసిన దాషీ యను రసము అచ్చటి వంటకు మన చింతపండు వంటిది. పులుసులో, కూరలో, గ్రుడ్డుపొరటులో, చివరకు ఉడికించిన ముల్లంగిలోను అదియే. అయితే ఆ దేశముననే దీనికి విరుగుడును గలదు. కొంబు అను సముద్రపు నాచును నానబెట్టి తీసిన రసముతోను దాషీ చేయుదురు. ఆ నాచులోని రుచికి కారణమైన పదార్థమును 1908లో ఇకెదా కికునాయె అను శాస్త్రజ్ఞుడు వేరుచేసి, దానికి ఉమామి యని పేరిడెను. కావున “చేప వద్దు” అనుట చాలదు, “కొంబు దాషీ” యని నేర్చుకొని పోవలయును.

ఈ కష్టమంతయు కోయాసాన్ కొండపై తీరినది. 9వ శతాబ్దమున కూకై స్వామి నెలకొల్పిన బౌద్ధక్షేత్రమది. అచ్చటి విహారములలో యాత్రికులకు బసయు భోజనమును ఇత్తురు. ఆ వంటకు షోజిన్ ర్యోరి యని పేరు: మాంసము లేదు, చేప లేదు, ఉల్లియు వెల్లుల్లియును లేవు. మన కార్తీకమాసపు వంట వంటిదన్నమాట! సాయంకాలము అయిదున్నరకే పిలిచి, చాపలమీద పీటలవంటి ఎర్రని చిన్నబల్లలు మా యెదుట పెట్టిరి. నువ్వులను మెత్తగా నూరి, కుజు దుంపపిండితో కాచి ముద్దగట్టించిన గోమాదోఫు వెన్నవలె కరగినది. గడ్డగట్టించి ఎండబెట్టిన కోయా టోఫు రసమును పీల్చుకొని దూదివలె నుండెను. మా వదినగారు నువ్వులముద్దను రెండవమారు కోరవచ్చునా యని చెవిలో అడిగిరి. కోరరాదని మేమంటిమి. ఇప్పటికిని ఆ మాటకు వారు మాపై కినుక వహించియే యున్నారు.

అక్కడ తినునప్పుడు అన్నపు గిన్నెలో పుల్లలను నిలువుగా గ్రుచ్చి విడువరాదు. చనిపోయినవారికి పెట్టు అన్నములో అట్లు గ్రుచ్చుదురు. పిండము సంగతి యెరిగిన మనకు ఈ నిషేధమును వేరుగ వివరింప నక్కరలేదు. సుషీని చేతితో తినుట తప్పు కాదను మాట విన్నప్పుడు మా సంతోషమునకు మేర లేదు; దోసకాయ పెట్టి చుట్టిన కప్పామాకిని అయిదు వ్రేళ్లతో హాయిగా తింటిమి.

టోక్యో షింజుకులోని నాకామురాయా పేరును కూడ సోదరీమణు లెరుంగవలెను. సోమా కొక్కో అను విదుషీమణి భర్తతో కలిసి 1901లో ఒక రొట్టెల దుకాణమును కొని నడపినది. 1915లో బ్రిటిషువారు వెదకుచున్న విప్లవకారుడు రాస్‌బిహారీ బోసునకు ఆ దంపతులు తమ యింట దాగుటకు చోటిచ్చిరి. ఆయన వారి కుమార్తె తోషికోను పెండ్లాడెను. ఆమె 1925లో చిన్నవయసుననే మరణించెను. 1927లో ఆ దుకాణము వారు ఫలహారశాలను తెరచినప్పుడు, బోసుగారు నేర్పిన భారతీయ కూరయు అన్నమును అందులో పెట్టిరి. దాగియున్న అల్లుడు చేతివంటతో అత్తవారి ఋణము తీర్చుకొన్న కథలు మన పురాణములలోను తక్కువ.

ఇట్లు దేశదేశముల బల్లలముందు కూర్చుండి మా పేటకు తిరిగి వచ్చితిమి. మా హైదరాబాదును 2019లో యునెస్కోవారు పాకకళకు పేరొందిన సృజనాత్మక నగరముగా గుర్తించిరి. హైదరాబాదు హలీమునకు 2010లోనే భౌగోళిక గుర్తింపు లభించినది. రంజాను రాత్రులలో చార్మినారు చుట్టును స్త్రీలు పిల్లలతో అర్ధరాత్రివరకు తిరుగుదురు, తిందురు, బేరములాడుదురు. అప్పుడు వీథి మాది. తక్కిన పదునొకండు మాసములలో ఇరానీ హోటలు ముందుభాగము పురుషులది. స్త్రీలు రాదలచినచో వెనుక “ఫ్యామిలీ” యని బోర్డు గల గది యుండును. మా పేటలో స్త్రీల డిగ్రీ కళాశాల గలదు. ఆ విద్యార్థినులు ఇటీవల గుంపులుగా వచ్చి చాయ్ త్రాగుచుండుట మేము సంతోషముతో చూచుచున్నాము. మా యీడువారు మాత్రము పిల్లవానిచే ఫ్లాస్కులో తెప్పించుకొని ఇంటనే త్రాగెడివారము.

ఖాలాగారి ప్రశ్నకు బదులు చెప్పుటకై ఒకనాడు మధ్యాహ్నము ఆమెను, మా వదినగారిని వెంటబెట్టుకొని మా వీధి హోటలునకు పోతిమి. మేము మెట్టెక్కగనే చాయ్ అందించు కుర్రవాడు, “అమ్మా, ఫ్యామిలీ లోపల,” అని దారి చూపెను. వాని మాటలో అమర్యాద లేదు. లోపలికి పోయి చూచితిమి. తెరకు చేతిమరకలు, పంకా తిరుగదు, మూల ఖాళీ సీసాల పెట్టెలు. చేయి కడుగుకొనుటకు కుళాయి అడిగిన, పురుషుల వైపున గలదని చెప్పిరి. టోక్యోలో ముప్పదిమంది పట్టు దుకాణములోను స్త్రీలకు వేరుగ శుభ్రమైన స్నానాలగది చూచివచ్చిన మాకు మనసు చివుక్కుమన్నది.

మేమింకను ఏమనవలెనో ఆలోచించుచుండగనే ఖాలా గిరుక్కున వెనుదిరిగి బయటకు వచ్చి, వాకిటి ప్రక్క గాలివచ్చు బల్ల యొద్ద, వంపుకర్ర కుర్చీ జరుపుకొని కూర్చుండెను. “ఈడ మంచిగున్నది. రండి,” అనెను. ఎదుటి బల్ల యొద్ద ఉర్దూ పత్రిక చదువుచున్న వృద్ధుడు పత్రికను కొంచెము పైకెత్తి మొగము దాచుకొనెను. అది సిగ్గో మర్యాదయో మాకు తెలియదు. గల్లా యొద్ద యజమాని తలయెత్తి చూచెను, మరల చిల్లర లెక్కించుకొనెను. కుర్రవాడు మూడు గ్లాసుల నీళ్లు తెచ్చి పెట్టెను. మరి ప్రపంచము తలక్రిందులు కాలేదు.

ఇరానీ చాయ్ చేయు విధమును అక్కడ కూర్చుండియే మొదటిసారి దగ్గరగా చూచితిమి. తేయాకు కషాయమును మూతబిగించిన పెద్ద పాత్రలో సన్నని సెగపై దమ్మునకు పెట్టుదురు. పాలను వేరుగా చిక్కబడువరకు కాతురు. కప్పులో కషాయము పోసి పైన పాలు పోయుదురు. రెంటిని కలిపి కాచరు, అందువలననే ఆ రంగు, ఆ వాసన. ఇంటిలో ప్రయత్నించు సోదరీమణులు మూత చుట్టును గోధుమపిండి ముద్దతో బిగింపవలయును, ఆవిరి పోరాదు.

ఖాలా చాయ్‌ను సాసరులో పోసికొని, ఉస్మానియా బిస్కత్తును ముంచి, కన్నులు మూసికొని త్రాగెను. చాలసేపటికి తెరచి, “ఇన్నేండ్లు మనం సల్లారిన చాయ్ తాగినం బేటీ,” అనెను.

మా వదినగారు లెక్క ఎంతయని కుర్రవాని నడుగబోయిరి. ఖాలా చేయెత్తి ఆపెను. “ఉండు. బాబూ, ఇంకొక మూడు చాయ్. వన్ బై టూ కాదు, పూర. లుఖ్మీ వేడిగుంటే అవి గూడ తే.”